బూడిదమట్టి పాఠాలు

థెల్మా హాల్వర్సన్ నోరు తెరిచిందంటే తూర్పు ఒరెగాన్‌లో జనం లేచి వెళ్లిపోతారు.

మంచి మనిషే. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. కానీ ఆమెకు తెలిసిన లోకం ఒక్కటే, మట్టి. ఆ ఎండు కొండల మీద, సేజ్ పొదల మధ్య గోతులు తవ్వించి మట్టిని పరీక్షించడమే ఉద్యోగంగా బతికింది. రిటైరయ్యాక ఆ తెలిసినదంతా ఎవరికైనా చెప్పుకోవాలని ఒకటే తపన.

కాఫీ హోటల్లో ఆమె కూర్చుంటే పక్క బల్లవాళ్లు కప్పులు పట్టుకుని వేరే మూలకి జరిగేవారు. ఆవుల ఆసాముల సభలో మాట్లాడమంటే ఆశగా వెళ్లింది. కాసేపటికే గురకలు మొదలయ్యాయి. “ఆవుల గురించి చెప్పమ్మా, మట్టి తిని బతుకుతామా?” అని అడిగేశాడు ఒకాయన. భర్త ఆర్నీ అయితే, బతికున్నన్నాళ్లూ ఆమె మొదలుపెట్టగానే చెవిలో మిషన్ తీసి జేబులో వేసుకునేవాడు.

అలాంటి థెల్మాకి ఒకరోజు ఫోన్ వచ్చింది. “మావాళ్లకి మంగళవారం మంగళవారం వచ్చి ఏదైనా పాఠం చెప్పండి. ఏదైనా పర్వాలేదు.”

వీళ్లు కూడా ఆవలిస్తే జన్మలో మళ్లీ మట్టి ఊసెత్తకూడదు అనుకుని కారెక్కింది.

గది నిండా మగవాళ్లు. అందరూ ముందే వచ్చి బుద్ధిగా కూర్చున్నారు.

“మీరు తొక్కుతున్న ఈ కొండ పైమట్టి మామూలు మట్టి కాదు, బూడిద. వేల ఏళ్ల కిందట పడమట ఒక అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద గాలికి కొట్టుకొచ్చి ఇక్కడ పడింది. దక్షిణం వాలు మీద పడిందంతా ఎగిరిపోయింది. ఉత్తరం వాలు మీద మాత్రం దట్టంగా నిలిచిపోయింది” అని చెప్పి, అలవాటు కొద్దీ ఆవలింత కోసం చూసింది.

రాలేదు. ముందు వరసలో గోడలాంటి మనిషి చెయ్యెత్తాడు. పేరు రాయిస్.

“ఉత్తరం వాలంటే మన వంటగది వెనకాలదేనా మేడమ్?”

“అదే! సరిగ్గా అదే!”

“ఎంత లోతుంటుంది?”

“ఛాతీ దాకా ఉంటుంది.”

“నా ఛాతీయా, ఎమెట్‌ ఛాతీయా?”

పక్కనున్న పొట్టి ముసలాయన మండిపడ్డాడు. “నోర్ముయ్‌రా దున్నపోతా! మేడమ్, వాణ్ణి పట్టించుకోకండి. మీరు చెప్పండి.”

మీరు చెప్పండి! ఆ మాట ఆమెతో అంతవరకూ ఎవరూ అనలేదు. ఆరోజు ఇంటికి పోతూ దారంతా పాడుకుంది.

మరుసటి వారం బకెట్‌తో మట్టి పట్టుకెళ్లింది. ఉమ్మితో తడిపి వేళ్ల మధ్య రుద్ది చూడమంటే అంతా పోటీపడి ఉమ్మారు. ఎప్పుడూ నోరు విప్పని డెల్మర్ వెనకనుంచి అడిగాడు.

“తవ్వితే పక్కలు నిలబడతాయా, కూలతాయా?”

“తడిగా ఉంటే నిలబడతాయి నాయనా. ఈ మట్టి స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. ఎండిందా, మైదాపిండిలా జారిపోతుంది.”

“అయితే తడుపుతుండాలి” అన్నాడు ఎమెట్, తనలో తాను అనుకుంటున్నట్టు.

తర్వాతి పాఠం అడుగున ఉండే గట్టిపొర గురించి. అది సిమెంటు లాంటిదనీ, గడ్డపారకి కూడా లొంగదనీ ఆమె చెప్పగానే ఇంట్లో ఎవరో పోయినట్టు అందరి మొహాలూ వాడిపోయాయి. థెల్మాకే జాలేసింది.

“మరి గడ్డివేళ్లు ఏం చేస్తాయి మేడమ్?” అడిగాడు డెల్మర్.

“అవి పొరతో తలపడవు. దాని మీదుగా పక్కకి పాకుతాయి. వాలు వెంటే పోతే ఎక్కడో ఒకచోట దారి దొరక్కపోదు.”

గది గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎమెట్ కళ్లు తుడుచుకున్నాడు. గడ్డివేళ్ల కోసం కన్నీళ్లు పెట్టుకున్న మనిషిని ఆమె చూడటం అదే మొదలు.

వారాలు గడిచేకొద్దీ శిష్యుల గోళ్ల కింద బూడిదరంగు మట్టి కనబడసాగింది. లేచి నిలబడితే ప్యాంటు మడతల్లోంచి సన్నటి పొడి రాలేది.

“ఏమిటయ్యా ఇది?”

“హోంవర్కు మేడమ్” అన్నాడు రాయిస్.

ఆ గది వెనక పెరట్లో శిష్యులు వేసిన పూలమడులు కూడా ఎత్తు పెరుగుతున్నాయి. థెల్మా మురిసిపోయి, ఆ కొండల మీద మొలిచే గడ్డి విత్తనాలు తెచ్చిచ్చింది.

“ఇవి మొలిస్తే, ఇది కొత్తగా పోసిన మట్టని ఎవరైనా కనిపెడతారా?” అడిగాడు ఎమెట్.

“రెండు వానలు పడనియ్యి. నేను కూడా కనిపెట్టలేను.”

చివరి పాఠం అయ్యాక అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రాయిస్ తన పెద్ద చేతుల్లోకి ఆమె చెయ్యి తీసుకున్నాడు.

“మీ పాఠాలు మమ్మల్ని ఎక్కడికో తీసుకెళ్తాయి మేడమ్.”

థెల్మాకి ఆర్నీ గుర్తొచ్చాడు. అతను ఉండి, చెవిలో మిషన్ పెట్టుకుని ఈ మాట వినుంటే ఎంత బాగుండేది!

“వచ్చే మంగళవారం చిన్న పరీక్ష పెడతాను. భయపడకండి” అంది.

“ప్రాక్టికల్సే కదా మేడమ్?” అన్నాడు డెల్మర్.

“మీకెలా కావాలంటే అలాగే.”

మంగళవారం ఆమె అందరికీ సరిపడా బిస్కెట్లు కూడా చేసుకుని హుషారుగా వచ్చేసరికి, ఉత్తరం గోడ అవతల కొండవాలులో తెరుచుకున్న కన్నంలోకి మోకాళ్ల మీద వంగి తొంగిచూస్తున్న జైలు సూపరింటెండెంటు తలెత్తి, “మీ శిష్యులంతా పాసైపోయారండీ” అన్నాడు.