కల్లంలో ఆదివారం

"కూర్చో," అన్నాడు సంఘపెద్ద జక్రయ్య, చర్చి తలుపుకు అడ్డంగా నిలబడి. బయట ఉరుముతోంది.

"కల్లంలో నాలుగిళ్ల మిరపకాయలు ఆరబోసి ఉన్నాయయ్యా. తడిస్తే తెల్లబడి తాలైపోతాయి," అంది ఆయన భార్య ప్రేమమ్మ.

"ఆదివారం కూలికి పోయిందనే కదా రెబ్కాను రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకు రావద్దన్నాం. నా ఇంటికో న్యాయమా?"

ప్రేమమ్మ కూర్చుంది. జక్రయ్య కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఇంతలో వాన దిగింది. ఆయన మాటలు తడబడ్డాయి.

ఆరాధన ముగియగానే అందరూ కల్లానికి పరుగెత్తారు. నాలుగు రాశుల మీదా టార్పాలిన్ పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి ఉన్నాయి. జక్రయ్య పట్టా అంచున మాత్రం రాయికి బదులు రెబ్కా కూర్చుని ఉంది, నిలువునా తడిసి.

"రాళ్లు చాల్లేదు బాబాయ్," అంది.

"మళ్లీ ఆదివారమే పని చేశావా?"

"చేశాను. బల్లకు ఎటూ రానివ్వరుగా. ఇంకేం పోద్ది?"

జక్రయ్య ఏమంటాడోనని వెనకున్నవాళ్లు చూస్తున్నారు.

"గుడిలో కళ్లు మూసుకున్నానేగానీ నా మనసంతా ఈ కల్లంలోనే ఉందమ్మా," అన్నాడు చివరికి. "ఆ మనసుతోనే బల్లలో చెయ్యి వేసి రొట్టె తీసుకున్నాను."

గాలికి పట్టా అవతలి మూల పైకి లేచింది.

"అది పట్టుకో బాబాయ్," అంది రెబ్కా.

జక్రయ్య బైబిలు భార్య చేతికిచ్చి, బురదలో చతికిలబడి ఆ మూలను అదిమిపెట్టాడు.