ఏడవకూడని ఇల్లు

పొద్దున డ్యూటీకి వెళ్ళేలోపు రవళి చెయ్యాల్సినవి: పాప కళ్ళలోకి చూసి మాట్లాడాలి, రంగుల పేర్లు చెప్పాలి, ఒక పాట పాడాలి, విసుగొస్తే గట్టిగా ఊపిరి పీల్చాలి. వంటా బట్టలుతకడం ఆ లెక్కలోకి రావు. అందరి ఇళ్ళలోలాగే వాళ్ళ ఒంటిగది ఇంటి గోడకీ, పిల్లల్ని ఎలా పెంచుతున్నారో కనిపెడుతూ సలహాలు చెప్పే పెంపకం పెట్టె ఉంది. అది మెచ్చుకుంటేనే పాపకి బడిలో సీటు.

ఆ పూట రవళి తల్లి సక్రిబాయి చాన్నాళ్ళకి తండా నుంచి వచ్చింది. లంబాడీల ఆనవాయితీ ప్రకారం గడపలోనే కూతురి మెడ వాటేసుకుని రాగం తీసి ఏడ్చింది.

"ఇంట్లో ఏడుపు వినిపిస్తోంది. పాపను వేరే గదిలోకి తీసుకెళ్ళండి," అంది పెట్టె.

"ఆ గదేదో నువ్వే కట్టించు," అంది రవళి. "ఇది మా పలకరింపు. మా పిన్ని వచ్చినప్పుడే చెప్పాను కదా."

"మీరు విసుగ్గా ఉన్నారు. ఊపిరి పీల్చండి. ఏడుపు ఆగకపోతే సీటు రద్దవుతుంది."

రవళి తన తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "యాడీ, ఊరుకోవే. పిల్ల సీటు పోతుంది."

సక్రిబాయి కళ్ళు తుడుచుకుని, పరాయి మనిషిలా మంచం అంచున కూర్చుంది. "ఏడవకుండా వస్తే పిల్ల నన్ను ఎవరో చీరలమ్మే మనిషనుకోదూ?" అంది. నిజంగానే పాప దగ్గరికి రాకుండా రవళి వెనక దాక్కుంది.

"ఇల్లు ప్రశాంతంగా ఉంది. అభినందనలు," అంది పెట్టె.

దాంతో రవళికి ఒళ్ళు మండింది. తల్లి మెడ వాటేసుకుని, వీధి చివరిదాకా వినిపించేలా తనే రాగం ఎత్తుకుంది. పాప వాళ్ళిద్దరి మధ్యా దూరి అమ్మమ్మ మెడకి చేతులు వేసింది.

సీటు పోయింది. రవళి ఇంకో బడి కోసం తిరుగుతోంది. ఇలాంటి పెట్టెలకి బుద్ధులు నేర్పేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, సక్రిబాయిని కాస్త గుర్తుపెట్టుకోండి. తన వాళ్ళని చూస్తేనే ఆమె అలా ఏడుస్తుంది.