ఎర్ర చుక్క

"చూడండి ఖాలా, మీ పాత లెన్సు ఎలా మెరుస్తోందో!"

తాష్కెంట్ పాత సామాన్ల బజారులో, పిన్ని వరసతో తాను ఖాలా అని పిలిచే ముసలి మవ్లూదా దగ్గర పోయిన వారం కొన్న లెన్సును జసూర్ కెమెరాకు బిగించి తెచ్చాడు.

"గట్టిపడ్డ గ్రీజు తీసేశాను. ఫోకస్ రింగు ఇప్పుడు వెన్నలా తిరుగుతోంది."

ఆమె బొటనవేలితో రింగును తడిమింది. మళ్లీ తడిమింది.

"ఇక్కడ గోళ్లరంగు చుక్క ఉండాలే?"

"ఆ ఎర్ర మరకా? పిల్లల పని అనుకుని స్పిరిటుతో గీకేశాను."

"నేనే పెట్టాను నాయనా. చివర్లో మా ఆయనకు చూపు పోయింది. అయినా ఫోటోల పిచ్చి పోలేదు. వేలికి చుక్క తగిలేదాకా తిప్పేవాడు. నేనెప్పుడూ ఆ దూరంలోనే నిలబడేదాన్ని."

జసూర్ కెమెరా ఎత్తాడు.

"ఇప్పుడూ అక్కడే నిలబడండి ఖాలా. చుక్క మళ్లీ పెట్టేద్దాం."

ఆమె లేచి, కొలత చూసుకోకుండానే వెనక్కి నడిచి ఆగింది. జసూర్ రింగు తిప్పాడు. ముఖంలోని ముడతలన్నీ స్పష్టంగా కనిపించాయి.

"దొరికింది ఖాలా! రంగు ఉందా?"

"ఇంకా చుక్కెందుకు నాయనా? నీకు కళ్లున్నాయిగా," అంది నవ్వుతూ.

జసూర్ కెమెరాను కంటి మీదనుంచి దించలేకపోయాడు.