మెట్ల వీధి జనాభా

“మెట్ల వీధిలో సున్నా మందా?”

నర్సు ఆ కాగితాన్ని గుమాస్తా బల్ల మీద టపీమని కొట్టింది. టీ గ్లాసు ఎగిరి పడబోయి నిలదొక్కుకుంది.

“మెల్లగా నర్సమ్మగారూ, జనాభా చెదిరిపోతుంది,” అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు.

“ఉంటేగా చెదరడానికి! పోయిన నెలలో ఆ వీధిలోనే నలుగురికి పురుడు పోశాను. ఆ పిల్లలు ఆకాశంలోంచి ఊడిపడ్డారా?”

లెక్కల గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. జనం లెక్క రాయడానికి పొరుగూరి నుంచి వచ్చి వారం రోజులైంది. మనిషి నెమ్మదస్తుడు. ఆ నెమ్మదే ఆమెకు ఒళ్లు మండిస్తోంది.

“మూడు వీధులూ కలిపి రెండు వందల ఎనిమిది మంది. నాకు తేలిన లెక్క ఇదమ్మా.”

ఊరు చిన్నదే. అటు ఏరు, ఇటు కొండ, నడుమ మూడు వీధులు. బజారు వీధి నిండా కొట్లు. ఏటి వీధిలోనూ, కొండ మీదికి ఎగబాకిన మెట్ల వీధిలోనూ క్వారీ పనివాళ్ల ఇళ్లు. ఎంత చిన్నదైనా ఆరు వందల పైచిలుకు ప్రాణాలు. ఐదు వందల లోపు జనం ఉన్న ఊరికి పురుళ్ల ఆసుపత్రి అక్కర్లేదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మూడు గంటల బస్సులో ఈ కాగితం వెళ్లిపోతే నర్సు కుర్చీ, కాన్పుల మంచం, మందుల బీరువా అన్నీ కొండ అవతలి ఊరికి తరలిపోతాయి. ఇంట్లో ఆమె వదినకు తొమ్మిదో నెల. నొప్పులొస్తే గతుకుల దారిలో పదకొండు కిలోమీటర్లు.

“బజారు వీధిలో పిల్లాజెల్లాతో సహా రాసుకున్నారు. మిగతా రెండు వీధులూ మీ కంటికి ఆనలేదా? మెట్లెక్కాలంటే మోకాళ్లు నొప్పా? కొట్టు ముందు కూర్చుని సోడా తాగుతూ సున్నాలు చుట్టేశారు, అంతేనా?”

“లేదమ్మా. ప్రతి గడప ముందూ నిలబడ్డాను. ప్రతి ఇంటా అడిగాను. వాళ్లు చెప్పిందే రాశాను.”

“సున్నా అని చెప్పారా వాళ్లు?”

“సున్నా అని కాదు గానీ...”

“కాదు కదా! మరింకేం మాట్లాడకండి.”

అటెండరు నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. నర్సు సంచిలోంచి రిజిస్టరు తీసి గుమాస్తా ముందు పరిచింది.

“ఇదిగో చుక్కల మందు పట్టీ. ఏటి వీధిలో ఐదేళ్ల లోపు పిల్లలే నలభై ముగ్గురు. ఇది చూసి దిద్దండి.”

“చెల్లదమ్మా.” గుమాస్తా సొరుగులోంచి ఒక ఉత్తర్వు తీసి వేలు పెట్టి చదివాడు. “‘ఇంటివారు నోటితో చెప్పినదే రాయవలెను. గుమాస్తా సొంత తెలివి ఉపయోగించరాదు.’ కింద ముద్ర కూడా ఉంది, చూడండి.”

“ఆ రెండో ముక్కను మాత్రం తు.చ. తప్పకుండా పాటించారు!”

గడియారం రెండుంపావు కొట్టింది. నర్సు సంచి భుజాన వేసుకుంది.

“అయితే లేవండి. ఇంటివారి నోటితోనే చెప్పిస్తాను. మొదట మా ఇల్లే. మెట్ల వీధిలో ఎనిమిదోది. మాకూ సున్నాయే పెట్టారుగా? మా అమ్మమ్మ ఆ గుమ్మం దాటి పదేళ్లయింది. ఆవిడను కూడా లేకుండా చేశారు, పుణ్యాత్ములు!”

బయట ఎండ పేలిపోతోంది. మగవాళ్లంతా క్వారీలో ఉన్నారు, పొద్దుగూకితే గానీ రారు. వీధిలో మనిషి అలికిడి లేదు గానీ, ఇంటింటా గోనె సంచులు కుట్టే మిషన్ల చప్పుడు టకటకా వినిపిస్తోంది. ముందు నర్సు, వెనక చంకలో కాగితాల కట్టతో గుమాస్తా.

“వినబడుతోందా? ఆ మిషన్లను దయ్యాలు తొక్కుతున్నాయా?”

“వినబడుతోందమ్మా. ఆ రోజూ వినబడింది.”

“విని కూడా సున్నా పెట్టారా!”

“సొంత తెలివి వాడకూడదు గదమ్మా.”

ఆమె పళ్లు పటపటా కొరుక్కుంటూ మెట్లు ఎక్కసాగింది.

“పద్నాలుగో మెట్టు ఊగుతుంది, చూసుకోండి,” అన్నాడు గుమాస్తా వెనక నుంచి.

నర్సు ఠక్కున ఆగింది. ఈ వీధిలో తిరిగిన వాళ్లకు తప్ప ఆ మెట్టు సంగతి తెలియదు. ఎవరో చెప్పి ఉంటారులే అని సరిపెట్టుకుని, విసవిసా పైకి నడిచింది.

ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అమ్మ మిషను తొక్కుతోంది. అమ్మమ్మ ఏదో అంటే వదిన కిలకిలా నవ్వుతోంది. ఆ నవ్వు వినగానే నర్సుకు కొండంత ధైర్యం వచ్చింది.

“ఇదిగో, నేను గోడ చాటున నిలబడతాను. పెదవి విప్పను. విప్పితే నేనే నేర్పానంటారు. ఆ రోజు ఎలా అడిగారో అలాగే అడగండి. లోపలి నుంచి ఏ జవాబు వస్తే అదే రాసి బస్సులో పంపండి. ఇక నేను అడ్డం రాను. సరేనా?”

“సరేనమ్మా.”

గుమాస్తా కలం మూత తీశాడు. గడపకు రెండడుగుల దూరంలో మర్యాదగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ఇంట్లో ఎవరున్నారండీ?”

మిషను ఆగింది. నవ్వూ ఆగింది. అమ్మమ్మ, అమ్మ, వదిన, ముగ్గురూ ఒక్కసారే బదులిచ్చారు.

“ఎవరూ లేరండీ!”