నల్లజీలకర్ర మూట

“ఇది తుపాకీ మందు కాదా?” అంటూ జవాను ఆ చిన్న మూటను ముక్కుకు దూరంగా పట్టుకున్నాడు.

“తుపాకీ మందును నోట్లె ఏసుకుంటరా బిడ్డా?” అంటూ ఈదమ్మ చిటికెడు గింజలు తీసి అతని ముందే నమిలింది. “సూడు, నేను పేలిపోయిన్నా?”

ఇబ్రహీంపట్నం ఠాణా ముందు ఆమె పొద్దున్నుంచి నిలబడే ఉంది. లోపలికి రమ్మన్నవాడు లేడు. ఇంటికి పొమ్మంటే ఆమె పోలేదు. నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్ల కోసం రజాకార్లు, పోలీసులు ఊళ్లన్నీ గాలిస్తున్న రోజులవి. చుట్టాలను చూసొస్తానని బొంగులూరు నుంచి కందుకూరు వైపు పోయిన కొడుకు శివయ్య పక్షం దాటినా రాలేదు. మామూలుగానే వాకిట్లో కుక్క మొరిగితే కొడుక్కి ఏదో అయిందనుకునే మనిషి ఆమె. నిన్న ఆ దారిలోనే ఒక కుర్రవాణ్ణి పట్టుకొచ్చారని విన్నప్పటి నుంచి మెతుకు ముట్టలేదు. సాయంత్రం పట్నం పోయే లారీ వస్తుంది. ఆ లారీ ఎక్కినవాళ్లు ఒక్కరూ ఇంతవరకు తిరిగి రాలేదు.

జమేదారు బయటికొచ్చి మూట అందుకున్నాడు. రెండు గింజలు నలిపి వాసన చూశాడు.

“కలోంజిరా గాడిదా! మా ఇంట్ల రొట్టె మీద చల్లుతరు, అచార్ల ఏస్తరు. తుపాకీ మందట!”



“మేం నల్లజీలకర్ర అంటం సాబు,” అంటూ ఈదమ్మ ముందుకొచ్చింది. “బాలింతలకు పాలు పడాలె అని పెడ్తం. సర్ది పట్టినోళ్లకు ఏంచి, మూట గట్టి ముక్కుకాడ పెడ్తం. నా కొడుకుకు చిన్నప్పటి సంది దమ్ము. సలికాలం వస్తె ఊపిరాడదు. దంచి తేనెల కలిపి నాకిస్తెనే నిద్రపోతడు. రాత్రి మందు లేకుంట ఎట్లున్నడో, అసలున్నడో లేడో…”

“ఉన్నడు తియ్యి. నోరే ఇప్పుతలేడు. పేరు గూడ చెప్పలే,” అన్నాడు జమేదారు.

“దమ్మొస్తె మాటెట్లొస్తది సాబు? అసొంటోడు గుట్టలెక్కి సంఘపోళ్లెంబడి ఉరుకుతడా? ఒక్కపారి సూపియ్యి. నీ కాల్మొక్త.”

“ఫికర్ జెయ్యకు, పట్నంల మంచి దవాఖానలున్నయి,” అని జవాను నవ్వాడు.

“నీకూ తల్లి ఉంటది బిడ్డా. ఆమెతోని గూడ గిట్లనే మాట్లాడుతవా?”

జవాను నవ్వు ఆగిపోయింది. జమేదారు లోపలికి సైగ చేశాడు.

చేతులు వెనక్కి కట్టిన యువకుణ్ణి నెట్టుకుంటూ తీసుకొచ్చారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డకట్టింది. ఈదమ్మ చూసింది. గోడ పట్టుకుంది.

మరుక్షణం గోడ వదిలేసి, జవాను చెయ్యి తోసేసి అతణ్ణి వాటేసుకుంది.

“ఓ శివయ్యా! ఎంతగనం గొట్టిండ్రు కొడకా! దమ్మొస్తుందా? ఊపిరాడుతుందా? సలిల తిరగొద్దంటె ఇన్నవా? అమ్మ మాటంటె నీకు లెక్కనా?”

అతను తెరిచిన ఒక్క కంటితో ఆమెను రెప్ప వేయకుండా చూశాడు. తర్వాత తల ఆమె భుజానికి ఆనించాడు. ఆమె నోట్లో నమిలిన గింజల వాసన ఇంకా ఉంది.

“ఏయ్, పక్కకు జరుగు. నువ్వు మాట్లాడొద్దు.” జమేదారు మూటను వీపు వెనక దాచుకున్నాడు. “పేరు జెప్పురా.”

“శివయ్య.”

“నిన్న జెప్పనీకి ఏమైంది?”

“ఊపిరాడలే సాబు.”

“మీ అమ్మ నీ కోసం మందు తెచ్చింది. ఏం మందు?”

ఈదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడే కొడతారు, ఇప్పుడే లారీ వచ్చేస్తుంది, ఈ గోడ దగ్గరే అంతా అయిపోతుంది అనుకుంది.

అతను గాలి ఎగపీల్చాడు.

“నల్లజీలకర్ర. పెనం మీద ఏంచుతది. సగం బట్టల మూట గట్టి ముక్కుకాడ పెడ్తది. సగం దంచి, బెల్లం గలిపి ఉండ జేస్తది. మస్తు శేదుంటది సాబు. ఉమ్మేస్తనని ముక్కు పట్టుకొని మింగిస్తది. మింగినంక నోరు తెరిపిచ్చి సూస్తది.”

అతను ఈదమ్మ వైపు కాక ఎటో దూరంగా చూస్తూ చెప్పాడు. ఈదమ్మ కళ్ల వెంట నీళ్లు కారాయి.

జమేదారు మాత్రం ఆమె వైపు తిరిగాడు. “ఆగు. నువ్వు తేనె అన్నవ్. వీడు బెల్లమంటుండు.”

ఈదమ్మ నోట్లోంచి కొంగు తీసింది.

“మా ఇంట్ల తేనె యాడిది సాబు? పెద్ద కొలువు జేసెటోని ముందర జర ఇజ్జత్‌గ ఉండాలె అని తేనె అన్న. మా బతుకుకు బెల్లం దొరుకుడే ఎక్కువ. నలుగుట్ల నా పరువు దీసిండు పోరడు!” అని యువకుడి వీపు మీద ఒక్కటి చరిచింది.

జవాను ఫక్కున నవ్వాడు. చరిచిన చోట నిన్నటి దెబ్బలున్నట్టున్నాయి. అతను వంగిపోయి, ఊపిరందక దగ్గసాగాడు. ఆ దగ్గు ఎంతకూ ఆగలేదు. ఈదమ్మ జమేదారు చేతిలోంచి మూట గుంజుకుని అతని ముక్కు దగ్గర పెట్టింది.

“మెల్లగ పీల్చు నాయినా, మెల్లగ.”

“మా అమ్మ గూడ గంతే. నోరు తెరిపిచ్చి సూసేది,” అన్నాడు జమేదారు, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత గొంతు పెంచాడు. “వీడు గుట్టలెక్కుడేంది, ఠాణా మెట్లే ఎక్కలేడు. కట్లిప్పుండ్రి. ఏ అమ్మా, మల్ల ఆ దారిల కనబడ్డడంటె కాల్చి పారేస్త.”

“గడప దాటనియ్య సాబు.”

ఈదమ్మ అతని మణికట్టు పట్టుకుని బజారు దాటింది. చేన్లు వచ్చేదాకా పట్టు సడలించలేదు. “ఎనకకు సూడకు. ఉరుకకు. వాళ్ల కండ్లు మన మీదనే ఉంటయి,” అని గొణుగుతూనే ఉంది. ఠాణా కనుమరుగయ్యాక ఒక గట్టు మీద కూలబడి, కొంగుతో అతని పెదవి మీది నెత్తురు తుడిచింది. మూట అతని చేతిలో పెట్టి వేళ్లు మూసింది. కందుకూరు వైపు పోయే దారిని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

అతను ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“అమ్మా, నీ పేరేంది?”