టూత్‌పేస్ట్ కన్నీళ్లు

"ఫాదర్, నిన్న ప్రార్థనలో నేను ఏడ్చింది దొంగ ఏడుపు. కళ్ల కింద టూత్‌పేస్ట్ రాసుకున్నాను," అంది వెరోనికా గబగబా.

బెస్కిడ్ కొండల మీద చర్చివాళ్ల యువజన శిబిరం. పాపాలు ఒప్పుకోవడానికి పదిహేనేళ్ల వెరోనికా చెట్టు కింద మోకరించింది. ఎదురుగా మొద్దు మీద కూర్చున్న ఫాదర్ జెనోన్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"మండలేదూ?"

"చచ్చేంత మండింది. అందరూ కుళాయిలు విప్పినట్టు ఏడుస్తుంటే, నేనొక్కదాన్నే గుడ్లప్పగించి ఎలా కూర్చోను? దేవుడికి నేను పట్టలేదనుకోరూ?"

"అనుకుంటే అనుకోనీ. నీకేం పోయింది?"

వెరోనికా గడ్డి పీకసాగింది. "మా నాన్న ఇల్లొదిలి వెళ్లిపోయినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. అమ్మ నన్ను బండరాయి అంది."

ఫాదర్ ముఖంలో నవ్వు పోయింది. ఇక బైబిల్ వాక్యం మొదలెడతాడనుకుని ఆమె విసుగ్గా తల వంచుకుంది.

"మా అమ్మని సమాధి చేసిన రోజు నేనూ ఏడవలేదు," అన్నాడాయన. "వచ్చినవాళ్లకి సూప్ వడ్డించాను. ఉప్పు రెండుసార్లు వేశానేమో, ఒక్కడూ తాగలేకపోయాడు."

వెరోనికా కిసుక్కున నవ్వి, చటుక్కున నోరు మూసుకుంది. ఈసారి ఆయనా నవ్వాడు.

"మరి ప్రాయశ్చిత్తం ఏంటి ఫాదర్?"

"సాయంత్రం ప్రార్థనకి రాకు. పోయి వాగులో ఈత కొట్టు."

"ప్రార్థన నడిపే సిస్టర్ చంపేస్తుంది!"

"ఆ తిట్లు నేను తింటాలే, పో."

సాయంత్రం వాగు నీళ్లు ఎముకలు కొరికేస్తున్నాయి. పైన ప్రార్థన గుడారంలో పాట మొదలైంది. మెడదాకా మునిగి, పళ్లు టకటకలాడుతుంటే, వెరోనికా కూడా గొంతెత్తి అందుకుంది. శ్రుతి లేదు, సగం మాటలు రావు. ఎవరైనా చూస్తున్నారేమోనని తల తిప్పి చూడడం కూడా మరిచిపోయింది.