పెద్దవాళ్లను తీసుకురా

"డీన్ మేడం లోపలికి రమ్మంటున్నరు," అని అటెండర్ చెప్పగానే బిక్షం లేచి చొక్కా సర్దుకున్నాడు. పక్కనున్న భానుప్రకాశ్ మాత్రం లేవలేదు. చేతులు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని నేలకేసి చూస్తున్నాడు. భుజం పట్టుకుని లేపాల్సి వచ్చింది.

నిన్న సాయంత్రం వరకు బిక్షానికి ఈ సంగతేమీ తెలియదు. మెట్టుగూడలో మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే కింది వాటాలోంచి భానుప్రకాశ్ మెట్లెక్కి వచ్చాడు. నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, మొహంలోకి చూడకుండా, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. క్లాసులకు పోవడం ఎప్పుడో మానేశాడట. అటెండెన్స్ చాలక హాల్‌టికెట్ ఆపేశారట. పెద్దవాళ్లను వెంటబెట్టుకొస్తే తప్ప డీన్ మాట్లాడనన్నదట.

మరి పొద్దున్నే బ్యాగు వేసుకుని బయల్దేరేవాడివి కదా, ఎక్కడికి పోయేవాడివని బిక్షం అడిగాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో కూర్చునేవాణ్ణని, ఒక్కోసారి లోకల్ రైలెక్కి చివరిదాకా పోయి అదే రైల్లో తిరిగొచ్చేవాణ్ణని చెప్పాడు. ఆ తర్వాత పిట్టగోడ మీదుగా కిందికి చూస్తూ, "గీ పరీక్ష సుత పోతే ఇంట్ల మొహం చూపియ్యలేను," అన్నాడు.

ఆ చూపు బిక్షాన్ని భయపెట్టింది. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే ఎక్కడికని శ్యామలమ్మ అడిగింది. బ్యాంకుకని చెప్పాడు. భార్యతో అబద్ధమాడటం అతనికి ఏనాడూ చేతకాదు. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. అయినా ఆగకుండా స్కూటర్ తీశాడు.

గదిలో డీన్ ఝాన్సీలక్ష్మి కంప్యూటర్ తెరను వాళ్ల వైపు తిప్పింది. డెబ్బై అయిదు శాతం హాజరుండాలి, జబ్బు చేస్తే కాస్త సడలిస్తారు, ఇతనిది సగం కూడా లేదు. ఇంటికి వారం వారం మెసేజ్ పంపుతూనే ఉన్నామని, ఒక్కదానికీ జవాబు లేదని అంది. తనకు ఫోన్ సరిగా చూసుకోరాదని బిక్షం నసిగాడు.

"మీ అబ్బాయిది ఏ బ్రాంచో తెలుసా అండీ?"

బిక్షం భానుప్రకాశ్ వైపు చూశాడు. "కంప్యూటర్లది మేడం."

"కంప్యూటర్లలో ఏది?"

బిక్షం మళ్లీ భానుప్రకాశ్ వైపు చూశాడు. పిల్లల్ని చేర్పించి చేతులు దులుపుకుంటారని, ఇన్నాళ్లలో ఒక్క పేరెంట్ మీటింగుకైనా వచ్చిన పాపాన పోలేదని ఆమె దులిపేసింది. బిక్షం తలవంచుకుని అన్నీ పడ్డాడు. ఆమె స్థానంలో ఉంటే తనూ అంతకంటే ఎక్కువే అనేవాడు.

ఎందుకు మానేశావని ఆమె ఈసారి భానుప్రకాశ్‌ను అడిగింది.

"ఫస్టియర్ల మ్యాథ్స్ పోయింది మేడం. అప్పటిసంది క్లాసుల ఏం చెప్తున్నరో సమజ్ కాకుంటుండె. డౌట్ అడిగితే నవ్వుతుండ్రి. ఒకరోజు పోలే. తెల్లారి పోవుడు ఇంకా కష్టమైంది."

బిక్షం లేచి నిలబడి చేతులు జోడించాడు. ఈ ఒక్కసారికి రాయనివ్వమని, ఇకనుంచి తానే రోజూ గేటు దాకా దింపి పోతానని పద్ధతిగానే మొదలుపెట్టాడు. దారి పొడుగునా మనసులో కూర్చుకున్న మాటలవి. సగంలో ఆ పిట్టగోడ, ఆ చూపు కళ్లముందు మెదిలాయి. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"చదువు గురించి కాదు మేడం. పోరడు దక్కితే సాలు," అని కుర్చీలో కూలబడ్డాడు.

ఝాన్సీలక్ష్మి మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది.

"ఈ కుర్చీలో కూర్చుని కొడుకు కోసం ఏడ్చిన తండ్రిని నేనింతవరకు చూడలేదండీ," అంది మెల్లగా. "కానీ సిస్టమ్‌లో లాక్ అయిపోయింది. నా చేతుల్లో ఏమీ లేదు."

వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి ఈ సెమిస్టర్ మళ్లీ చదవాలి, లేదంటే టీసీ తీసుకుని వెళ్లిపోవాలి. ఒకసారి కౌన్సెలర్‌ను కలవమని కూడా చెప్పింది. ఆ గది ఎక్కడని బయట అటెండర్‌ను అడిగితే, పాత మేడం మానేసిందని, కొత్తవాళ్లు ఇంకా రాలేదని అన్నాడు.

ఇద్దరూ పార్కింగ్ దగ్గరికొచ్చి, ఉద్యోగాలు వచ్చిన పిల్లల ఫొటోలున్న పెద్ద ఫ్లెక్సీ నీడలో గట్టు మీద కూర్చున్నారు. భానుప్రకాశ్ ఏడవడం లేదు. అదే బిక్షానికి గుబులుగా ఉంది. అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మండుటెండలోనూ చల్లగా ఉంది ఆ చెయ్యి.

"ఇటు చూడు బిడ్డా. పోతే ఒక ఏడాది పోయింది. నువ్వైతే పోలేదు గద. ఫెయిలైనోళ్లు బతుకుతలేరా? ఇంటికి పోదాం. ముందుగాల ఇంత అన్నం తిను. తిట్లు గిట్లు ఏమన్న ఉంటే తర్వాత చూద్దాం. నువ్వు సాయంత్రం ఇంటికొస్తే సాలు, ఇంకేం అక్కర్లేదు."

భానుప్రకాశ్ మొదటిసారి తలెత్తి అతని కళ్లలోకి చూశాడు. ఏదో అడగాలని నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

"మా డాడీ సుత గిట్లనే అంటడా, అంకుల్?"